నేల కింద ఏది మేలు: కోత కలపా, ఐ-జాయిస్టా, ట్రస్సా?

చెక్కతో కట్టే ఇంట్లో నేల బరువంతా వరసగా వేసిన జాయిస్టులే, అంటే నేల కింది అడ్డ దూలాలే, మోస్తాయి. వాటిని గోడ నుంచి గోడకు, లేదా గోడ నుంచి నడిమి దూలానికి, సాధారణంగా 16 అంగుళాల ఎడంతో వేసి పైన ప్లైవుడ్ బిగిస్తారు. ఏ రకం వేయాలని అడిగేవారిలో చాలామంది ధర దగ్గరే ఆగిపోతారు. నేను ముందు అడిగేది వేరు: నేల కింది భాగం మూసేలోపు ఆ జాయిస్టులకు ఎవరెవరు రంధ్రాలు పెట్టబోతున్నారు?

కోత కలప, అంటే దుంగ నుంచి నేరుగా కోసిన చెక్క, పనివాడి చేతికి బాగా లొంగుతుంది. 2×10 (అంగుళాల్లో మందం, ఎత్తు) అని పిలిచినా నిజానికి అది 1.5×9.25 అంగుళాలే. కలప జాతిని, గ్రేడును బట్టి సుమారు 14, 15 అడుగుల దాకా నడుమ ఆధారం లేకుండా వేసుకోవచ్చు. అంచులకు 2 అంగుళాలు వదిలి, ఎత్తులో మూడో వంతు మించని రంధ్రం పెట్టినా తట్టుకుంటుంది. అంచున గాటు పెట్టాల్సి వస్తే ఎత్తులో ఆరో వంతు దాటకూడదు. పొడవును మూడు భాగాలు చేస్తే నడిమి భాగంలో అసలు గాటే పెట్టకూడదు.

దీనికి అసలు శత్రువు తేమ. కలప పొడవులో దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. పచ్చిగా బిగించిన 2×12 బాగా ఆరేసరికి ఎత్తులో పావు అంగుళం, అంతకన్నా ఎక్కువ కూడా కోల్పోగలదు. అప్పుడు ప్లైవుడ్‌కూ జాయిస్టుకూ మధ్య వెంట్రుకంత సందు పడుతుంది. అడుగు వేసినప్పుడల్లా పలక మేకును రాసుకుంటూ దిగి, మళ్లీ లేస్తుంది. రాత్రిపూట వినిపించే ఆ కిర్రు చప్పుడు అదే. ఆరిన కలప కొని, జిగురు పూసి, మేకులకు బదులు స్క్రూలు వాడితే చాలావరకు తప్పుతుంది. విల్లులా వంగిన జాయిస్టును మాత్రం వంపు పైకి వచ్చేలా వేయాలి.

ఐ-జాయిస్టుకు పైనా కిందా పట్టీలు, నడుమ పలుచని పలక ఉంటాయి. తిన్నగా ఉంటుంది, తేలిక, పెద్దగా కుంచించుకుపోదు, పొడవైన గదులకు అందుతుంది. నడిమి పలకలో తయారీదారు పట్టిక ప్రకారం పెద్ద రంధ్రాలే పెట్టవచ్చు. పట్టీని మాత్రం గోరంత కూడా కోయకూడదు. స్నానాల గది కింద పైపు అడ్డొచ్చిందని ఒక ప్లంబరు కింది పట్టీని సగానికి కోసేయడం నేను చూశాను. ఆ జాయిస్టుకు ఇంజినీరు చేత మరమ్మతు గీయించుకోవాల్సి వచ్చింది. మంటల్లోనూ ఈ పలుచని పలక త్వరగా ఓడిపోతుంది. అందుకే అడుగున జిప్సం బోర్డు వేయించాలని నేను పట్టుబడతాను.

ట్రస్సు, అంటే చెక్క ముక్కలను ఏటవాలుగా కలిపి కట్టిన చట్రం, దాని సంగతి చిన్నది. చట్రం లోపల ఖాళీలుంటాయి కాబట్టి డక్టులు (గాలి గొట్టాలు), పైపులు కోత లేకుండా దూరిపోతాయి. కొలత తప్పితే మాత్రం సైటులో దిద్దుకోలేం. ముందే గీయించి, తయారయ్యేదాకా ఆగాలి.

నేల ఊగుతుందన్న భయంతో ఎడం తగ్గించమనేవారు ఎక్కువ. 16 నుంచి 12 అంగుళాలకు తెస్తే బిగువు మూడో వంతే పెరుగుతుంది. బిగువు ఎత్తు యొక్క ఘనాన్ని (ఎత్తు × ఎత్తు × ఎత్తు) బట్టి పెరుగుతుంది కాబట్టి, 2×8 బదులు 2×10 వేస్తే అది రెండింతలవుతుంది. 16 అడుగుల దూరానికి సాధారణ నియమం (పొడవులో 360వ వంతు) అర అంగుళానికి పైగా వంపును ఒప్పుకుంటుంది. అంటే నియమం ప్రకారం సరైన నేల కూడా మనం నడిస్తే అలమారలో గ్లాసులను గలగలలాడించవచ్చు. నేనైతే అవసరమైనదానికన్నా ఒక మెట్టు ఎత్తైన జాయిస్టే అడుగుతాను.

నా తీర్పు ఇది: 14 అడుగుల లోపు గదులకు ఆరిన కోత కలప. అంతకు మించితే ఐ-జాయిస్టు. ఒకే అంతస్తులో పెద్ద డక్టులు అటూ ఇటూ దాటాల్సి ఉంటే ట్రస్సు. ఏది వేసినా, టాయిలెట్ గొట్టం నేలలోంచి దిగే చోటును జాయిస్టుల వరస గీసే రోజే గుర్తు పెట్టించండి. అక్కడికి జాయిస్టు వస్తుంటే ఆ రోజు వరసను కాస్త జరపడం పెన్సిలు పని.