ఎర్రమోకాళ్ల టరాంటులాకి అక్రిలిక్ పెట్టె: ఆరేళ్ల వాడకం తర్వాత

పొడవు 40, వెడల్పు 30, ఎత్తు 25 సెంటీమీటర్లు. 5 మి.మీ. అక్రిలిక్. పైన ఎత్తి తీసే మూత, మూత మధ్యలో గుండ్రటి స్టీలు జాలీ, ముందు అయస్కాంతాలతో మూసుకునే తలుపు. ఆరేళ్లుగా ఇందులో ఉంటున్నది బ్రాకిపెల్మా హమోరై ఆడది, అంటే మెక్సికన్ రెడ్ నీ అనే పెద్ద నూగు సాలీడు. ఎదురెదురు కాళ్ల కొసల మధ్య 13 సెం.మీ. పెట్టె మంచిదే. కొన్నది కొన్నట్టు వాడితే మాత్రం సాలీడు ప్రాణం మీదికొస్తుంది, ఎందుకంటే ఇది చూసేవాళ్ల కళ్ల కోసం తయారైంది.

పెద్ద లోపం తలుపు కింద ఉన్న గట్టు. దాని ఎత్తు 6 సెం.మీ. అంతకు మించి మట్టి పోస్తే తలుపు తీసినప్పుడల్లా బయటికి రాలుతుంది. 6 సెం.మీ. మట్టి పోస్తే పైన 19 సెం.మీ. ఖాళీ. నేలమీద బతికే టరాంటులాకి మట్టి నుంచి మూత దాకా ఖాళీ దాని కాళ్ల కొలతకి ఒకటిన్నర రెట్లు దాటకూడదని అందరూ చెప్పే లెక్క. 13కి 19.5 అయింది కాబట్టి కాగితం మీద సరిపోయినట్టే. కానీ బాగా మేపిన ఆడదానికి ఆ లెక్క నమ్మొద్దు. రాత్రిళ్లు గోడ ఎక్కుతుంది, పట్టు జారితే బరువంతా పొట్ట మీదే పడుతుంది. పొట్ట తోలు పల్చన. టరాంటులా కాళ్లు చాచేది ఒంట్లో ద్రవం ఒత్తిడితోనే, ఆ ద్రవం కారిపోతే కాళ్లు కిందికి ముడుచుకుని చస్తుంది. నీళ్ల గిన్నె అంచు మీదో రాయి మీదో పడితే 15 సెం.మీ. కూడా ఎక్కువే.

మరమ్మతు కష్టం కాదు. గట్టుకి లోపలివైపు, దాని పైన ఇంకో 6 సెం.మీ. లేచేలా అక్రిలిక్ పట్టీ నిలబెట్టి అక్వేరియం సిలికోన్‌తో అతికించాలి. బాత్రూంలకి వాడే, బూజు మందు కలిపిన సిలికోన్ వద్దు. వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం మూడు రోజులు, మూత తీసి ఉంచాలి. ఇప్పుడు మట్టి 12, ఖాళీ 13. తలుపు సగం మూసుకుపోయినట్టు కనిపిస్తుంది, అమ్మకపు ఫొటోల్లో అందం ఉండదు. ఉండనక్కర్లేదు.

మట్టికి 650 గ్రాముల కొబ్బరి పొట్టు ఇటుకలు రెండు కావాలి. ఒక్కోదానికి నాలుగు లీటర్ల గోరువెచ్చని నీళ్లు పోస్తే ఏడెనిమిది లీటర్లకి ఉబ్బుతుంది. కోనసీమలో నర్సరీలకి వెళ్లే పొట్టే ఇది, ఎరువు కలిపింది మాత్రం కాకూడదు. దీనికి ఏ మందూ కలపని తోటమట్టి ఎనిమిది లీటర్లు చేర్చాలి. ఒట్టి పొట్టు ఎండగానే పొడైపోతుంది, బొరియ నిలవదు. తడి చూడటానికి పిడికిట్లో గట్టిగా పిండాలి: వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు, పిడికిలి విప్పితే ముద్ద విడిపోకూడదు. మూడు నాలుగు పొరలుగా పోస్తూ ప్రతి పొరనీ పిడికిలితో దిమ్మిస కొట్టినట్టు కొట్టాలి. సాలీడు దాక్కునే కార్క్ బెరడుని సగం దాకా పాతెయ్యాలి. మట్టి మీద ఊరికే పెడితే సాలీడు కింద తవ్వినప్పుడు దాని మీద కూలుతుంది. ఈ జాతికి తడి నేల గిట్టదు. పైపొర ఎండకముందే వదిలితే వారం రోజులు గోడల మీదే వేళ్లాడుతుంది, పైన చెప్పిన పడిపోయే గండం అప్పుడే. పెట్టె నిండాక బరువు పది కిలోలు దాటుతుంది కాబట్టి అంచులు పట్టి ఎత్తకుండా అడుగున చేతులు పెట్టి ఎత్తాలి, లేకపోతే అతుకులు విడతాయి.

రెండో లోపం జాలీ. టరాంటులా కాలి చివర రెండు చిన్న కొక్కేల్లాంటి గోళ్లుంటాయి. తలకిందులుగా నడిచేటప్పుడు అవి జాలీ కన్నాల్లో ఇరుక్కుంటాయి, గుంజుకుంటే కాలు ఊడుతుంది. జాలీ తీసేసి 3 మి.మీ. అక్రిలిక్ ముక్కకి 2.5 మి.మీ. కన్నాలు వేసి బిగించడం మేలు. పైన గాలి ఒక్కటే చాలదు, పక్క గోడలకి ఎదురెదురుగా, ఒకవైపు మట్టికి కాస్త పైన, రెండోవైపు మూతకి దగ్గరగా, ముప్ఫై చొప్పున కన్నాలు వేస్తే గాలి ఆడుతుంది. డ్రిల్ నెమ్మదిగా తిరగాలి, కన్నం పడేచోట మాస్కింగ్ టేపు అంటించాలి, వెనక చెక్క ఆనించాలి. అంచుకి 2 సెం.మీ. లోపు వేస్తే పగులు పాకుతుంది.

ఏడాది తిరక్కుండా మూత వంగింది. అక్రిలిక్ తేమ పీల్చుకుంటుంది, తడి తగిలే లోపలి ముఖం సాగుతుంది, నడుం కిందికి దిగి మూలలు పైకి లేస్తాయి. శీతాకాలంలో హీటర్ నడిచే ఇళ్లలో బయటి గాలి మరీ పొడి, అందుకని వంపు ఇంకా ఎక్కువ. పెద్ద సాలీడు ఆ సందులో పట్టదు గానీ మేతకి వేసిన కీచురాళ్లు పారిపోతాయి. రెండు నెలలకోసారి మూత తిరగేసి పెడితే మళ్లీ సరిసమానం అవుతుంది. కీలు బిగించిన మూతలకి ఈ సౌకర్యం ఉండదు, కొనేముందు చూసుకోండి.

అయస్కాంతాలు మూడో ఏడు తుప్పు పట్టాయి. పూత లేచిన చోట ఎపాక్సీ చుక్క వేస్తే ఆగుతుంది. అంతకన్నా చిరాకు, తలుపు టక్కుమని మూసుకోవడం. ఆ అదురుకి సాలీడు వెనక్కాళ్లతో పొట్ట మీది నూగు దులుపుతుంది. దూలగొండి నూగు ఎరిగినవాళ్లకి ఆ దురద చెప్పనక్కర్లేదు, కంట్లో పడితే డాక్టరు దగ్గరికే. తలుపు అంచుకి పల్చటి ఫెల్ట్ ముక్క అంటిస్తే చప్పుడు పోతుంది. పెట్టెలో చెయ్యి పెట్టేటప్పుడు గ్లవ్స్, 30 సెం.మీ. పట్టకారు తప్పనిసరి.

పారదర్శకతకి మాత్రం పూర్తి మార్కులు. కుబుసం విడిచేటప్పుడు అది తెలుస్తుంది. వారాల ముందు నుంచి మేత మానేస్తుంది, నూగు ఊడిన చోట పొట్ట నల్లబడుతుంది. తర్వాత నేలమీద తెల్లటి పట్టు చాపలా అల్లి దానిమీద వెల్లకిలా పడుకుంటుంది. చచ్చిపోయిందని తిరగెయ్యొద్దు: చచ్చినది బోర్లానే ఉంటుంది. వీపు చిప్ప మూతలా ఊడి, లేత కాళ్లు గంటల తరబడి ఒక్కో తొడుగులోంచి జారుతూ వస్తాయి. కొత్త కోరలు మొదట తెల్లగా ఉంటాయి, నల్లబడి గట్టిపడేదాకా, పెద్దదానికి రెండు వారాలు, మేత వెయ్యకూడదు. అప్పుడు లోపల ఒక్క కీచురాయి మిగిలినా ఆ మెత్తటి ఒంటిని కొరుకుతుంది. మామూలు రోజుల్లో కూడా పది రోజులకో పెద్ద కీచురాయి చాలు, 24 గంటల్లో ముట్టకపోతే తీసెయ్యాలి. డుబియా బొద్దింక వేస్తే తల నొక్కి వెయ్యండి, లేకపోతే మట్టిలో దూరి కనిపించదు.

గోడలు తుడవడానికి నీళ్లు, మెత్తటి గుడ్డ. అద్దాలకి కొట్టే స్ప్రే, స్పిరిట్ తగిలితే అక్రిలిక్‌లో సన్నటి చీలికలు పుడతాయి, అవి పోవు. నీళ్ల గిన్నె వెడల్పుగా, నిండుగా ఉండాలి, స్పాంజి అక్కర్లేదు, అది కుళ్లు తప్ప ఇంకేం ఇవ్వదు. పెట్టెతో ఉచితంగా వచ్చిన తేమ మీటరు అలంకారమే. హీట్ మ్యాట్ అడుగున పెట్టొద్దు. వేడి తప్పించుకోవడానికి సాలీడు కిందికే తవ్వుతుంది, అంటే వేడిలోకే వెళ్తుంది. గది 22 నుంచి 27 డిగ్రీలుంటే అసలు అవసరమే రాదు.

పిల్ల సాలీళ్లకి ఇది పనికిరాదు, 1 సెం.మీ. పిల్ల 2.5 మి.మీ. కన్నంలోంచి నడిచి వెళ్లిపోతుంది. చెట్టు జాతులకీ కాదు. మన గుత్తి పేరుతో ప్రపంచమంతా పిలిచే నీలి పోసిలోథీరియా మెటాలికాని (గుత్తిలో దొరికింది, 1899లో పేరు పెట్టారు, అసలు అడవి నంద్యాల, గిద్దలూరు మధ్య) ఇలాంటి పెట్టెని నిలువుగా లేపి పెంచడం చూస్తుంటాం. తలుపు తెరవగానే మెరుపులా బయటికి దూకే జాతి అది, కాటేస్తే రోజుల తరబడి కండరాలు పట్టేస్తాయి. దానికి ఎత్తు పెట్టె, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. అడవిలో అంతరించిపోయే దశలో ఉన్నదాన్ని అక్కణ్నుంచి పట్టి తెచ్చేవాళ్లతో బేరమే వద్దు. భారత్‌లో ఉంటే, బ్రాకిపెల్మా కూడా సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం) జాబితాలోదే కాబట్టి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ఇదే ధరకి ఈ కొలతలో మూతకి క్లిప్పులున్న పారదర్శక ప్లాస్టిక్ స్టోరేజ్ పెట్టెలు నాలుగైదు వస్తాయి. సోల్డరింగ్ ఐరన్‌తో ఆరుబయట కన్నాలు పెట్టుకుంటే సాలీడుకి తేడా తెలియదు. అవి కొంచెం మసగ్గా ఉంటాయి, అంతే. ఆడ హమోరై ఇరవై ఏళ్లకి పైగా బతుకుతుంది కాబట్టి హాల్లో పెట్టి చూసుకోవాలనుకుంటే అక్రిలిక్‌కి డబ్బు పెట్టొచ్చు, అయితే ముందు తలుపు లేకుండా పైమూత ఒక్కటే ఉన్నది కొనండి. ఈ పెట్టెకి ఐదుకి మూడు మార్కులు.