పోర్చుగీసు: బ్రెజిల్ యాసా, లిస్బన్ యాసా? ఏది మేలు?

పోర్చుగీసు మొదలుపెట్టేవాళ్ళు అందరికన్నా ముందు అడిగేది ఇదే. జవాబుగా చాలామంది జనాభా లెక్క చెబుతారు: బ్రెజిల్‌లో 20 కోట్ల పైచిలుకు, పోర్చుగల్‌లో కోటికి అటూ ఇటూ, కాబట్టి బ్రెజిల్‌దే నేర్చుకోమని. ఇంకొందరు మాటల తేడాలు ఏకరువు పెడతారు: బస్సును బ్రెజిల్‌లో ఓనిబుస్ అంటారు, పోర్చుగల్‌లో అవుతోకార్రు అంటారు అని. అలాంటి మాటలు ఊళ్ళో దిగిన వారానికే అలవాటైపోతాయి. అసలు తేల్చాల్సింది చెవి సంగతి.

లిస్బన్‌వాళ్ళు ఊనిక పడని అచ్చుల్ని మింగేస్తారు. టెలిఫోన్‌ను బ్రెజిల్‌లో 'తెలెఫోని' అని నాలుగు అక్షరాలూ విడివిడిగా పలుకుతారు. లిస్బన్‌లో అదే మాట 'త్ల్‌ఫోన్' అయిపోతుంది. అక్కడ ఊనిక లేని ఎకారం దాదాపు మాయమవుతుంది, ఒకారం ఉకారమవుతుంది, అకారం మసకబారుతుంది. పుస్తకంలో గుర్తుపట్టిన మాటనే రేడియోలో విని తెల్లమొహం వేసేది అందుకే. వ్యాకరణం రాక కాదు.

బ్రెజిల్ దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. హల్లుల మధ్య ఖాళీ కనిపిస్తే అచ్చు చొప్పిస్తారు. లాయరును 'అజివొగాదు' అంటారు, ఫేస్‌బుక్‌ను 'ఫేసిబుకి' అంటారు. మనం బస్, రోడ్‌ల చివర ఉకారం తగిలించి బస్సు, రోడ్డు అనుకున్నట్టే వాళ్ళు ఇకారం తగిలిస్తారు. అందుకే తెలుగు నోటికి బ్రెజిల్ యాస ఇట్టే పడుతుంది. ఇకారం ముందు త, ద అక్కడ చ, జ అవుతాయి: రాత్రి 'నోయ్‌చి', పగలు 'జీయ'. లిస్బన్‌లో అవే 'నోయ్‌త్', 'దీయ'. బ్రెజిల్ అంతా ఒకటే అనుకోకండి. ఈశాన్యంలో రెసీఫె వైపు త, తగానే ఉండటం మామూలే. మాట చివరి సకారం సావో పావ్‌లోలో స్, రియోలో మాత్రం లిస్బన్‌లోలాగే ష్.

పోర్చుగల్ టీవీలో 1977లో 'గబ్రియేలా' వచ్చినప్పటి నుంచి బ్రెజిల్ సీరియళ్ళు ఆడుతూనే ఉన్నాయి. కాబట్టి బ్రెజిల్ యాసలో మాట్లాడితే లిస్బన్‌లో ఎవరికైనా అర్థమవుతుంది. బ్రెజిల్‌వాళ్ళ చెవికి లిస్బన్ మాట అంతగా అలవాటు లేదు. నేర్చుకునేవాళ్ళకూ ఇంతే: లిస్బన్ చెవికెక్కితే సావో పావ్‌లో దానంతటదే అర్థమవుతుంది, ఇటు నుంచి అటు మాత్రం అంత తేలిగ్గా జరగదు.

ఫలానా దేశమని తేలనివాళ్ళకు నా సలహా: నోటికి బ్రెజిల్ యాస పట్టించండి, చెవికి మొదటి నెల నుంచే లిస్బన్‌ను అలవాటు చేయండి. పోర్చుగల్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీపీ వార్తల్లోంచి రోజూ రెండు నిమిషాల ముక్క తీసుకోండి. ముందు ఏమీ చూడకుండా వినండి, తర్వాత సబ్‌టైటిళ్ళతో వినండి, మింగేసిన అచ్చులను కాగితం మీద కొట్టేస్తూ మూడోసారి వినండి. వేగం తగ్గించి వినడం వల్ల పెద్ద లాభం లేదు. పోయిన అచ్చు నెమ్మదిగా విన్నా తిరిగి రాదు.

ఏ యాసైనా మనవాళ్ళకు తప్పేచోట్లు ఒకటే. ఇంగ్లీషు అలవాటుతో ట, డ పలుకుతారు, ఇక్కడ పళ్ళకు ఆనే త, ద కావాలి. మన 'కారు' అంటే వాళ్ళకు 'ఖరీదైనది' అని అర్థం. వాహనానికి బ్రెజిల్‌లో 'కాహు' అనాలి, లిస్బన్‌లో ఆ రకారం గొంతులోంచి రావాలి. మాట చివర ముక్కుతో పలికేచోట మకారంలా పెదాలు మూయకూడదు.

పిలుపుల్లో పొరపాటు పడితే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారు. బ్రెజిల్‌లో చాలాచోట్ల 'వొసే'తో (నువ్వు అన్నా మీరు అన్నా అదే) గడిచిపోతుంది, పెద్దవాళ్ళకు 'సెన్యోర్', 'సెన్యోర' అంటే చాలు. పోర్చుగల్‌లో దగ్గరివాళ్ళకు 'తు' (నువ్వు). అక్కడ కొత్తవాళ్ళనో పెద్దవాళ్ళనో 'వొసే' అంటే చాలామందికి కటువుగా తోస్తుంది. 'మీరు' అనాల్సినచోట సర్వనామమే వదిలేసి క్రియ ఒక్కటే మూడో పురుషలో, అంటే అతను, ఆమెలకు వాడే రూపంలో, వాడండి: 'కాఫీ కావాలా' అనడానికి 'కేర్ కఫే?' అంటే మర్యాదకు లోటుండదు.

అంగోలా, మొజాంబిక్ బడుల్లో చెప్పేది పోర్చుగల్ పద్ధతే, అయితే లిస్బన్‌లో మింగినంతగా అక్కడ అచ్చులు మింగరు. లువాండాకో మపుటోకో ఉద్యోగం మీద వెళ్ళేవాళ్ళు పోర్చుగల్ పాఠాలతోనే మొదలుపెట్టాలి. కేప్ వెర్దెలో ఇంటిమాట క్రియోల్, పోర్చుగీసు ఆఫీసుల్లోనూ బడిలోనూ వినిపిస్తుంది.

పోర్చుగల్ పౌరసత్వం కోసం సీప్లె (CIPLE) అనే పోర్చుగీసు భాషా పరీక్ష రాసేవాళ్ళకు మాత్రం పై సలహా వర్తించదు. అందులో వినికిడికే 30 శాతం మార్కులు, వినిపించేది పోర్చుగల్ యాస. డుయోలింగో నేర్పేది బ్రెజిల్ పోర్చుగీసు, దాన్నే నమ్ముకుని ఆ హాల్లో కూర్చోవద్దు. నోరూ చెవీ రెండూ మొదటి రోజు నుంచే లిస్బన్‌కు అలవాటు చేసుకోండి.