మొకెకా మట్టి కుండ కొంటున్నారా? రంగు పూసినవి అంటగడుతున్నారు, జాగ్రత్త

బ్రెజిల్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళు ఆన్‌లైన్‌లో మొకెకా (బ్రెజిల్ చేపల కూర) వండే కుండ ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. నాకు 190 రియాలు పోయాయి, కిలో చేప పారబోశాను. మా పాప ఆ కూర తినబోయింది కదా అన్న భయం మాత్రం ఇంకా పోలేదు.

బహియా రాష్ట్రపు మొకెకాలో దెందే పామాయిల్, కొబ్బరిపాలు పడతాయి. ఎస్పిరిటో శాంటో రాష్ట్రం వాళ్ళు ఆ రెండూ వెయ్యరు. ఆలివ్ నూనె, టమాటా, ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసం, రంగుకి జాఫ్రా గింజలు, అంతే. చుక్క నీళ్ళు పొయ్యరు, గరిటె పెట్టి తిప్పరు. మన చేపల పులుసులాగే దానికీ మట్టి కుండే అందం. దించాక కూడా కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది.

ఆ కుండలు ఎస్పిరిటో శాంటో రాజధాని విటోరియా నగరంలోని గోయాబెయిరాస్‌లో ఆడవాళ్ళు చేస్తారు. కుమ్మరి సారె ఉండదు, అంతా చేత్తోనే. ఆరుబయట మంటలో కాల్చి, ఇంకా ఎర్రగా కాలుతుండగానే మడచెట్టు బెరడు నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తారు. నలుపు అలా వస్తుంది, మట్టిలోకే ఇంకిపోతుంది. 2002లో బ్రెజిల్ ప్రభుత్వం అమూర్త (వస్తువులు, కట్టడాలు కాని) సాంస్కృతిక వారసత్వంగా మొట్టమొదట నమోదు చేసింది ఈ పనితనాన్నే. గోయాబెయిరాస్ పేరు చూసే నేను కొన్నాను.

వచ్చిన కుండ నిగనిగలాడుతోంది. పెట్టె తెరవగానే పెయింట్ వాసన. కొత్తది కదా అనుకున్నాను. నూనె రాసి, పొగ వచ్చేదాకా రెండుసార్లు కాల్చాను, వాసన తగ్గింది. ఆదివారం రొబాలో చేపతో కూర చేశాను. మూత తియ్యగానే అంచు చుట్టూ కాటుకలాంటి తెట్టు. చెంచాతో తీస్తే సన్నటి నల్లటి పొర, ప్లాస్టిక్ కాగితంలా సాగింది. పాప అప్పటికే కంచం ముందు కూర్చుంది. కూర మొత్తం పారబోసి, కుండ అడుగున గోటితో గీకితే పొర లేచి, కింద ఇటుక రంగు కనిపించింది.

అమ్మినవాళ్ళని అడిగితే "మొదటిసారి రంగు పోవడం మామూలే, అయినా 7 రోజులు దాటిపోయాయి" అన్నారు. ఈ మాట విని ఊరుకోకండి. ఆన్‌లైన్‌లో కొన్నది అందిన 7 రోజుల్లోపు కారణం చెప్పకుండానే వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. నేను వారాంతం కోసం ఆగి ఆ గడువు పోగొట్టుకున్నాను. కానీ లోపం ఉన్న వస్తువు సంగతి వేరు. కుండలాంటి మన్నికైన సరుకు మీద ఫిర్యాదుకి చట్టం 90 రోజులు ఇస్తుంది. వినియోగదారుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ప్రొకోన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఫోటోలు, ఆ పొర ముక్కలు, బిల్లు దాచి ఉంచాను.

కుండ అందిన రోజే వాసన చూడండి, అడుగున గోటితో గీకండి. బయటా లోపలా యంత్రంతో చేసినట్టు సమంగా, నున్నగా ఉంటే అనుమానించండి, చేత్తో చేసినదానిలో చిన్నచిన్న ఎగుడుదిగుళ్ళు తప్పవు. పొర లేస్తే పొయ్యి మీద పెట్టకండి. ఇప్పటికే వండి ఉంటే ఆ కూర పిల్లలకి పెట్టకండి.