దివంగత నేతకు ఫైబర్ విగ్రహం: మన తీరంలో ఎంతకాలం నిలుస్తుంది?

వర్ధంతికి విగ్రహం పెట్టాలని కమిటీ అనుకోగానే ముందుగా వచ్చే మాట ఫైబర్, అంటే గాజు పీచును రెసిన్ అనే జిగురుతో పొరలుగా అతికించి చేసేది. కంచుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. కొత్తపేట నుంచో తెనాలి నుంచో వ్యాన్‌లో తెచ్చి, నలుగురు పట్టుకుంటే పీఠం ఎక్కించేయొచ్చు. ఛాతీ వరకు ఉండే విగ్రహానికైతే (బస్టు) ఫైబర్ బాగానే సరిపోతుంది. నిలువెత్తు విగ్రహానికి, అందులోనూ బారువ, కళింగపట్నం, చింతపల్లి లాంటి ఉప్పుగాలి ఊళ్లలో, మేం వద్దనే చెబుతాం.

కారణం లోపలి ఇనుము. ఫైబర్‌కి తుప్పు పట్టదు గానీ, కాళ్లలో నిలబెట్టే ఊచలకు పడుతుంది. అతుకు దగ్గర వెంట్రుకంత పగులు చాలు, వాన నీళ్లు దిగుతాయి. తుప్పుతో ఊచ ఉబ్బి చీలమండ దగ్గర ఫైబర్‌ని చీలుస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలీదు. 2018 అక్టోబరు 11న పలాస తీరాన్ని తాకిన తిత్లీ తుపాను లాంటి గాలి వస్తే, బోలుగా, తేలిగ్గా ఉన్న విగ్రహం సరిగ్గా అక్కడే విరుగుతుంది. తప్పనిసరిగా ఫైబరే కావాలంటే లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ పైపు అడగండి. అది రెండు కాళ్లలోంచి దిగి పీఠం కాంక్రీటులో కనీసం అడుగు లోతున ఉండాలి. లోపల చేరిన నీళ్లు పోవడానికి పాదాల కింద చిన్న రంధ్రం వదిలించండి.

రెండో సంగతి మందం. చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే గాజు పీచు మ్యాట్ ఒక పొర ఆరితే సుమారు మిల్లీమీటరు వస్తుంది. బస్టుకు నాలుగు పొరలు, నిలువెత్తుకు ఆరు పొరలు వేస్తామని రాసివ్వమనండి. తేదీ దగ్గర పడితే త్వరగా గట్టిపడాలని కొందరు హార్డ్‌నర్ (రెసిన్‌ని గట్టిపరిచే మందు) ఎక్కువ కలుపుతారు. రెసిన్‌లో రెండు శాతం దాటితే విగ్రహం పెళుసెక్కి, ఎండలకు సన్నగా పగుళ్లిస్తుంది. అందుకే ఆవిష్కరణకు కనీసం రెండు నెలల ముందే ఆర్డరివ్వాలి.

పోలిక సంగతి మట్టి నమూనా దగ్గరే తేలాలి. అచ్చు తీశాక ముక్కు, దవడ మార్చడం కుదరదు. ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి రెండు, కండువా వేసుకునే తీరు తెలిసేలా ఒకటి, ఇన్ని ఫొటోలు కావాలి. అవి ఆయన ఊళ్లు తిరిగిన రోజులవై ఉండాలి. జబ్బు పడ్డాక తీసినవి ఇస్తే చెక్కే మనిషి ఆ నీరసాన్నే దించుతాడు. ఇంట్లోవాళ్లు ఒక్కసారైనా శిల్పశాలకు వెళ్లి మట్టి ముఖం చూడాలి. వాట్సాప్ ఫొటోలో పోలిక తెలీదు.

శిల్పశాలలు బాగా నిరాశపరిచేది శిలాఫలకం దగ్గర. విగ్రహం రూపాన్ని చూపిస్తుంది గానీ, ఆ మనిషి జనానికి ఏం చేశాడో చెప్పేది ఫలకమే. దాన్ని చివరి రోజు పనిగా తోసేస్తారు. ఆవిష్కర్తల పేర్లు పెద్దక్షరాల్లో, దివంగతుడి సేవ రెండు ముక్కల్లో. ఇది మాకు సమ్మతం కాదు. సర్దార్ గౌతు లచ్చన్న ఫలకం మీద ‘ప్రజా నాయకుడు’ అంటే ఎవరికీ ఏమీ తెలీదు. 1909 ఆగస్టు 16న బారువలో పుట్టారనీ, నాగావళి మీది తోటపల్లి బ్యారేజీకి ఆయన పేరు పెట్టారనీ ఉంటే చదివిన పిల్లాడికి ఒక దారి దొరుకుతుంది. కింజరాపు ఎర్రన్నాయుడు గురించి రాస్తే హరిశ్చంద్రపురం నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే, శ్రీకాకుళం నుంచి నాలుగుసార్లు ఎంపీ అని ఉండాలి. నియోజకవర్గం పేరు అప్పటిదే రాయాలి. 2009 ఎన్నికల నాటికి నియోజకవర్గాల పునర్విభజనలో హరిశ్చంద్రపురం, సోంపేట, సతివాడ పోయాయి. ఇప్పటి పేరు వేస్తే చరిత్ర తప్పుతుంది.

అక్షరదోషాలకు అసలు కారణం ఫాంటు. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంటులో కొట్టిన ఫైలును, ఆ ఫాంటు లేని చెక్కుడు మిషన్ దగ్గర తెరిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, గుణింతాలు మారిపోతాయి. డీటీపీ వాళ్ల చేత అక్షరాల్ని కర్వ్స్‌లోకి (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మగా) మార్పించి, ఫలకం సైజులోనే కాగితం మీద ప్రింటు తీయించి, ఇద్దరు చదివి సంతకం పెట్టాకే రాయి ముట్టుకోనివ్వండి. నల్ల గ్రానైటు మీద అక్షరం రెండు మిల్లీమీటర్లైనా లోతు దిగాలి. స్టిక్కరు అక్షరాలు ఎండకు లేచిపోతాయి.

చోటు గురించి ఒక హెచ్చరిక. ప్రజా రహదారులు, పేవ్‌మెంట్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఆదేశించింది. కూడలిలో పీఠం కట్టేసి తర్వాత అడుగుదామంటే ముసుగు వేసిన విగ్రహం అలాగే ఉండిపోతుంది. దాత ఇచ్చిన సొంత స్థలమో, దివంగత నేత కట్టించిన బడి ఆవరణో చూసుకుని, రాతపూర్వక అనుమతి చేతికొచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.

జయంతి నాడు పాలాభిషేకం చేస్తే అదే పూట మంచినీళ్లతో కడగాలి. మడతల్లో మిగిలిన పాలు పులిసి మరకలు కడతాయి. దండ కట్టిన ఇనుప తీగ రంగును గీరుతుంది, నారతో కట్టించండి. ప్లాస్టిక్ దండలు వదిలేస్తే కింద చెమ్మ చేరుతుంది. తుడవడానికి మెత్తటి గుడ్డ, సబ్బునీళ్లు చాలు, థిన్నర్ వద్దు. కంచు విగ్రహమైతే చింతపండుతో తోమకండి, శిల్పి పట్టించిన ముదురు రంగు ఊడిపోతుంది.