బైనాక్యులర్‌కు తేలికపాటి ట్రైపాడ్: సీమ ఎండలో, గాలిలో బాగా వాడిన తర్వాత

ముందు వస్తువు సంగతి. నాలుగు అంచెల కార్బన్ కాళ్లు, పైగొట్టం లావు 25 మిల్లీమీటర్లు, అడుగుది 16. కాళ్లు కిలోకు కాస్త పైన, కాళ్ల పైన బైనాక్యులర్‌ను అటూ ఇటూ మెత్తగా తిప్పే భాగం, అంటే చిన్న ఫ్లూయిడ్ హెడ్, సుమారు 400 గ్రాములు, బైనాక్యులర్ బిగించే అడాప్టర్‌తో కలిపి మొత్తం కిలోన్నర. మధ్య కడ్డీ ఎత్తకుండా 120 సెంటీమీటర్ల పైచిలుకు, ఎత్తితే 150 దాకా వస్తుంది. ఇవే కొలతల్లో చాలా కంపెనీలవి దొరుకుతాయి కాబట్టి పేరు ముఖ్యం కాదు. దీని మీద పెట్టేది 10×42 (పది రెట్లు పెద్దగా చూపే, ముందు అద్దం 42 మిల్లీమీటర్లుండే) బైనాక్యులర్, బరువు ముప్పావు కిలోకు అటూ ఇటూ.

ఇలా ట్రైపాడ్ మీద బైనాక్యులర్ పెట్టి గంటల తరబడి కొండవాలు గాలించే పద్ధతిని బాగా ముందుకు తీసుకెళ్లింది అరిజోనా లాంటి చోట్ల జింకల వేటగాళ్లు. మన దగ్గర వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషిద్ధం. కానీ రోళ్లపాడు గడ్డిమైదానంలో కృష్ణజింకలనో, చలికాలంలో వచ్చే హారియర్ గద్దలనో, గండికోటలో పెన్నా లోయ అవతలి రాతిగోడనో వెతికేవాళ్లకు ఆ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. పది రెట్లు చూపించే బైనాక్యులర్ చేతి వణుకునూ పది రెట్లు చూపిస్తుంది. చేత్తో పట్టుకుంటే జింక ఉందని తెలుస్తుంది. ట్రైపాడ్ మీదైతే దాని చెవి కదలడం, పక్కన గడ్డిలో పడుకున్న పిల్ల కూడా కనిపిస్తాయి.

కొనేటప్పుడు అందరూ అడిగేది రెండే: బరువెంత, గరిష్ఠ ఎత్తెంత. నా లెక్కలో అడగాల్సింది మీరు కూర్చొని చూస్తారా, నిలబడి చూస్తారా అన్నది. నేల మీద కూర్చున్న మనిషి కన్ను దాదాపు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. హెడ్, అడాప్టర్, బైనాక్యులర్ కలిసి 20 నుంచి 25 సెంటీమీటర్లు తీసుకుంటాయి. అంటే కాళ్లు 50 సెంటీమీటర్లు లేస్తే చాలు. ఆ ఎత్తుకు పైన ఉన్న లావు గొట్టాలే సరిపోతాయి, సన్నవి లోపలే ఉంటాయి. కిలో బరువున్న కాళ్లే అప్పుడు బండలా నిలబడతాయి. ఐదడుగుల ఏడంగుళాల మనిషి నిలబడితే కన్ను 160 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అప్పుడు కాళ్లే 135 దాటాలి. ఈ తరగతి ట్రైపాడ్ మధ్య కడ్డీ ఎత్తకుండా అంత రాదు. కడ్డీ ఎత్తారంటే మూడు కాళ్ల మీద ఒంటి కర్ర నిలబెట్టినట్టే, చిన్న గాలికే బొమ్మ వణుకుతుంది. నిలబడే చూడాలనుకునేవాళ్లు దీన్ని వదిలేసి, ఇంకో అరకిలో మోసైనా పొడుగు కాళ్లవి తీసుకోవడం మేలు.

పెట్టె మీద రాసే ‘8 కిలోలు మోస్తుంది’ లాంటి అంకెను పట్టించుకోవద్దు. విరిగిపోదని దాని అర్థం, వణకదని కాదు. షాపులోనే బైనాక్యులర్ బిగించి, దూరంగా ఉన్న బోర్డు అక్షరాలు చూస్తూ కాలి మీద వేలితో తట్టండి. ఒకటి రెండు సెకన్లలో అక్షరాలు కుదురుకోవాలి. ఇంకా ఊగుతుంటే ఆ ట్రైపాడ్ వద్దు.

హెడ్ విషయంలో మాత్రం రాజీ పడకండి. ఫోటోలకు బాగుండే, గుండు మీద ఎటైనా తిరిగే బాల్ హెడ్ బైనాక్యులర్‌కు పనికిరాదనే చెప్తాను. నాబ్ వదులు చేయగానే బరువు ముందుకో పక్కకో వాలుతుంది, కొండవాలు అడ్డంగా గాలిస్తుంటే దిగంతం వంకరపోతుంది. పక్కకు వేరుగా, పైకీ కిందికీ వేరుగా తిరిగే హెడ్ కావాలి, చిన్న పిడి ఉండాలి. చవక హెడ్‌లలో ‘ఫ్లూయిడ్’ అనేది చాలాసార్లు చిక్కటి గ్రీజు మాత్రమే. మెల్లగా తిప్పబోతే ఒక క్షణం పట్టేసి, ఒక్కసారిగా జారుతుంది. కర్నూలులో 43 డిగ్రీల మధ్యాహ్నం ఆ గ్రీజు పలచబడి బిగువు తగ్గుతుంది కాబట్టి, ఉదయం సరిచేసిన టెన్షన్ నాబ్‌ను మధ్యాహ్నం మళ్లీ బిగించాలి.

అడాప్టర్ చిన్నదే అయినా గొడవంతా అక్కడే. చాలా బైనాక్యులర్లకు మధ్య కీలు ముందు చిన్న మూత ఉంటుంది, దాన్ని విప్పితే పావు అంగుళం మర కనిపిస్తుంది. కొన్ని చిన్న 8×32 మోడళ్లకు ఆ మరే ఉండదు, వాటికి పట్టీతో కట్టే పీఠం వాడాలి. L ఆకారం అడాప్టర్ అయితే లోహంది తీసుకోండి. ప్లాస్టిక్‌ది బరువుకు వంగుతుంది, కాళ్లు ఎంత గట్టివైనా ఆ వంపు దగ్గరే వణుకు పుడుతుంది. కళ్ల మధ్య దూరం తక్కువ ఉన్నవాళ్లు గొట్టాలను దగ్గరకు నొక్కినప్పుడు అడాప్టర్ వాటికి తగులుతుందేమో షాపులోనే చూసుకోవాలి. మరలో బిగించి బైనాక్యులర్‌కే ఉంచేసే పొట్టి లోహపు ముక్క (స్టడ్) రకం ఇంకా హాయి, హెడ్ మీద పెట్టడం, తీయడం క్షణాల పని.

ఇక మన నేల సంగతి. తొలకరిలో నల్లరేగడి రాగిసంగటిలా కాళ్లకు పట్టుకుంటుంది. మామూలుగా లావు అంచెలనే ముందు లాగాలి, కానీ బురదలో అడుగు సన్న అంచెను కూడా జానెడు బయటికి లాగండి. అప్పుడు లాక్ మట్టికి అందదు. ఎండాకాలం అదే నేల నెర్రెలు విచ్చుతుంది, ఒక కాలు నెర్రెలో దిగితే చూస్తున్నది చూస్తుండగానే ఒరిగిపోతుంది. అరచేయంత నాపరాయి ముక్క కాలి కింద పెడితే ఆ బాధ ఉండదు, కడప, బేతంచెర్ల వైపు అలాంటి ముక్కలకు కొదవ లేదు. పల్లేరుకాయలు రబ్బరు అడుగులో గుచ్చుకుని అక్కడే ఉండిపోతాయి. ఇంటికి రాగానే పీకేయకపోతే రాతి మీద కాలు సరిగా ఆనదు. గండికోట బండల మీద రబ్బరు అడుగులే నయం, ఇనుప మొనలు జారతాయి.

అనంతపురం వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి ఆగదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలిని నమ్ముకునే. మధ్య కడ్డీ కింద కొక్కేనికి సంచి తగిలించమని అందరూ చెప్తారు. అది గాలికి ఊగితే ట్రైపాడ్‌నూ ఊపుతుంది. సంచి అడుగు నేలకు ఆనేలా పొడవాటి తాడుతో కట్టండి, రెండు లీటర్ల నీళ్లున్నా చాలు.

వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే కొంగలను చూడటానికి మాత్రం ఇది అంత బాగుండదు. నేరుగా చూసే బైనాక్యులర్‌ను పైకెత్తితే కళ్లు దాని కిందికి రావాలి, మెడ పట్టేస్తుంది. చెట్టుకు దూరంగా జరిగి కూర్చుంటే కోణం తగ్గుతుంది. ఎండాకాలం పొద్దున తొమ్మిది దాటాక నేల మీద వేడి అలలు లేస్తే ఏ ట్రైపాడూ ఏమీ చేయలేదు, బొమ్మ నీళ్లలో ఉన్నట్టే కదులుతుంది. ఆ పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి.

అల్యూమినియం తీసుకుంటే ఇదే సైజులో పావుకిలో దాకా బరువెక్కువ, ధర చాలా తక్కువ, గట్టిదనంలో లోటేమీ ఉండదు. ఇబ్బంది ఎండలోనే. నల్ల అల్యూమినియం కాలు మే నెలలో చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది, పైన చుట్టిన స్పాంజి జిగురు కరిగి జారిపోతుంది. సైకిల్ హ్యాండిల్‌కు చుట్టే గుడ్డ టేపు చుడితే సరిపోతుంది.

కాలి అంచెలను తిప్పి బిగించే ట్విస్ట్ లాక్‌లో ఇసుక చేరితే తిప్పినప్పుడు గరగరమంటుంది. అప్పుడే విప్పాలి. తిప్పే రింగును (కాలర్‌ను) పూర్తిగా వదులు చేసి గొట్టం బయటికి లాగితే చివర రెండు అర్ధచంద్రాకారపు ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. అవి ఏ వైపు, ఏ రంధ్రంలో కూర్చున్నాయో ఫోన్‌లో ఫోటో తీసుకున్నాకే తీయండి. మంచినీళ్లతో, పాత బ్రష్‌తో కడిగి, నీడలో ఆరబెట్టి, మరలకు మాత్రం సన్నగా గ్రీజు పూయాలి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వద్దు, దుమ్మును పట్టి ఉంచుతాయి. కాలు పైభాగంలో ఉండే అలెన్ బోల్టు మెల్లగా వదులవుతుంది. కాలును అడ్డంగా ఎత్తి వదిలితే అలాగే నిలవాలి, ధబ్బున పడితే పావు చుట్టు బిగించండి. ఆ ప్లాస్టిక్ ముక్కలు చీలితే కాలు బరువుకు దిగిపోతుంది, బజారులో విడిగా దొరకడం కష్టం. కొనేటప్పుడే ఒక జత అదనంగా అడిగి తీసుకోండి, అలెన్ కీతో పాటు సంచిలోనే ఉంచుకోండి.