విశాఖలో మూడు రోజులు, ఎండను బట్టి తిరిగాం

రైలు దిగేసరికి ఇంకా చీకటిగానే ఉంది. గది మధ్యాహ్నం పన్నెండు తర్వాతే ఇస్తామని హోటల్ వాళ్లు ముందే చెప్పారు. సామాను స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టి, మొహాలు కడుక్కుని, ఆటో ఎక్కి నేరుగా ఆర్కే బీచ్‌కి వెళ్లిపోయాం. నేను, మా ఆయన, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ, తొమ్మిదేళ్ల మా పాప. గది దొరక్కపోవడమే మాకు కలిసొచ్చింది. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీదకి బండ్లను రానివ్వరు. రోడ్డు రోడ్డంతా నడిచేవాళ్లదే. పిల్లలు స్కేటింగ్ చేస్తున్నారు, పెద్దవాళ్లు గుంపులుగా చేరి కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నారు. తూర్పు తీరం కదా, సూర్యుడు నీళ్లలోంచే లేచాడు. అమ్మ గట్టు మీద కూర్చుని చేతులు జోడించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నం మళ్లీ అదే చోటికి వచ్చాం. జనవరి నెలాఖరు అయినా ఎండ చుర్రుమంటోంది. చెప్పుల్లేకుండా ఇసుకలోకి దిగిన పాప నాలుగడుగులు వేసి వెనక్కి పరుగెత్తుకొచ్చింది. అప్పుడే మా ప్లాన్ మొత్తం మార్చేశాం. పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగు దాటాక సముద్రం. మధ్యలో నీడ పట్టున ఉండే చోట్లు. విశాఖ వెళ్లేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే, ఏం చూడాలో రాసుకునే ముందు ఏది ఏ పూట చూడాలో రాసుకోండి. ఇక ఏప్రిల్, మే నెలల్లో ఆ ఉక్కపోతకి పెద్దవాళ్లని తీసుకెళ్లకపోవడమే మంచిది.

బస దగ్గర మొదటి రాత్రి దెబ్బతిన్నాం. బీచ్‌కి దగ్గర్లో ఉన్న ఒక హోటల్‌లో సీ వ్యూ గది అని చూసి 4,200 రూపాయలు కట్టాం. గదిలోకెళ్లి కర్టెన్ తీస్తే ఎదురుగా కడుతున్న బిల్డింగ్. బాల్కనీ చివరికెళ్లి మెడ వంచితే, దాని పక్కనుంచి జానెడు సముద్రం కనిపించింది. కిందకెళ్లి అడిగితే, "ఈ ఫ్లోర్ గదులన్నీ సీ వ్యూ కిందకే వస్తాయి మేడమ్" అన్నారు. డబ్బులు తిరిగివ్వలేదు. అమ్మ రోజంతా సముద్రం చూస్తూ కూర్చుంటుందని కట్టిన డబ్బులవి, అందుకే నాకు ఇప్పటికీ బాధగా ఉంది. మీరు బుక్ చేసేముందు హోటల్‌కి ఫోన్ చేసి, ఇచ్చే గది కిటికీలోంచి తీసిన ఇవాళ్టి ఫొటో వాట్సాప్‌లో పంపమనండి. పంపకపోతే వదిలేయండి.

రెండో రోజు సాగర్‌నగర్‌లో ఒక ఇంటి మేడ మీద గదికి మారాం. రెండు వేలు. సముద్రానికి నడిచి ఐదు నిమిషాలు. ఇంటావిడ అమ్మని "పిన్నిగారూ" అని పిలుస్తూ పొద్దున్నే వేడివేడి ఇడ్లీ, అల్లం పచ్చడి పెట్టింది. ఇబ్బంది ఒక్కటే, రాత్రి తొమ్మిది దాటాక ఆటోలు సులువుగా దొరకవు. స్టేషన్ దగ్గర, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జీలు చవకే గానీ, తెల్లారి అరకు రైలు ఎక్కేవాళ్లకే అవి పనికొస్తాయి.

మధ్యాహ్నం నీడకి కురుసుర సబ్‌మెరైన్‌ని మించింది లేదు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో రిటైరై, ఆ మరుసటేడు ఇసుకలో మ్యూజియంగా నిలబడింది. పొడవు 91 మీటర్లు. బయటనుంచి చూస్తే పెద్దదే అనిపిస్తుంది. లోపలికెళితే ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. పైపులు, చక్రాలు, మీటర్లు తలకి తగిలేంత దగ్గరగా ఉంటాయి. 75 మంది అందులో రోజుల తరబడి నీళ్ల కింద ఉండేవారట. టార్పెడోల పక్కనే పడుకునే బల్లలు. మాకు చూపించినాయన నౌకాదళంలో చేసి రిటైరైన మనిషి. స్నానానికి నీళ్లుండేవి కావని ఆయన చెబితే, పాప "మరి అమ్మ గుర్తొస్తే ఎలా?" అని అడిగింది. ఆయన పాప తల నిమిరి, "పని చేసుకునేవాళ్లమమ్మా" అన్నారు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి వంగి, కాలెత్తి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయటే ఆగడం మంచిది. మా అమ్మ రెండో కంత దాటాక చాలా అవస్థపడింది. ఎదురుగా టీయూ-142 విమానం మ్యూజియం పెద్దవాళ్లకి నయం. సోమవారం మాత్రం పెట్టుకోకండి, రెండూ మూసేస్తారు.

దగ్గర్లోనే విశాఖ మ్యూజియం ఉంది. పాత డచ్ బంగళా. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసిన బాంబుల్లో ఒకటి అక్కడ ఉంది. మా మామ్మ చెప్పే "బాంబులప్పుడు ఊళ్లు వదిలి పారిపోయారు" అన్న మాట దాని ముందు నిలబడ్డాక అర్థమైంది.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తినకుండా రాకండి. బండి ఆయన డబ్బాలో మరమరాలు పోసి, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, వేయించిన పల్లీలు, కారం వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో టకటకా కలిపి పొట్లంలో పోస్తాడు. వెంటనే తినాలి, ఐదు నిమిషాలాగితే మెత్తబడిపోతాయి. ఇక్కడ నీళ్లలోకి మాత్రం మోకాలు దాటి దిగొద్దు. లోతు ఒక్కసారిగా వస్తుంది, అల వెనక్కి లాగేస్తుంది. ఏటా ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి. బోర్డులున్నా కుర్రాళ్లు సెల్ఫీల కోసం ముందుకెళ్తుంటే నాకు గుండె ఆగినంత పనైంది. తడవాలనుకుంటే రుషికొండ నయం, అక్కడ కూడా లైఫ్‌గార్డ్ ఎంతవరకు అంటే అంతవరకే.

ఒక పొద్దున్న ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాం. బోట్లు రాగానే వేలంపాట. నేల మీద రొయ్యలు, వంజరం, చందువ కుప్పలు. నేను ఫోన్ తీయగానే ఒకావిడ "ఫొటోలేటమ్మా, చేపట్టుకెల్లు" అంది. చేప కొని ఇంటావిడకిస్తే, మధ్యాహ్నానికి పులుసు తయారు. వాసన పడనివాళ్లకి ఈ చోటు వద్దు.

అన్నిటికంటే నాకు నచ్చింది భీమిలి రోడ్డు. 900K నంబరు బస్సు వెళ్తుంది గానీ అమ్మ కోసం కారు మాట్లాడుకున్నాం. ఎడమ పక్క కొండలు, కుడి పక్క సముద్రం. తొట్లకొండ పైకి పొద్దున్నే చేరాం. సుమారు రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ విహారం. 1970ల్లో నౌకాదళం సర్వేలో బయటపడితే, తర్వాత తవ్వకాలు జరిగాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయంటే, ఎక్కడెక్కడి ఓడలు ఈ తీరానికి వచ్చేవో! భిక్షువులు వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లవల్లే ఆ పేరు. మేం చూసినప్పుడు ఒక తొట్టిలో ఇంకా నీళ్లున్నాయి. పక్కన భిక్షువుల గదుల పునాదులు, ఒక్కో గది ఒక మంచం పట్టేంత. అక్కడ నిలబడితే కింద సముద్రం అర్ధచంద్రాకారంలో కనిపిస్తుంది. ఆ పూట మేం కాక ఇంకో నలుగురే ఉన్నారు. ఊరికి ఇంత దగ్గర్లో ఇంత నిశ్శబ్దం ఉంటుందనుకోలేదు. పైన నీడ తక్కువ, నీళ్లు వెంట తీసుకెళ్లండి.

దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు. వాననీరు కోసిన గాడుల మధ్య నడుస్తుంటే రెండు పక్కలా ఎర్రటి గోడలు. చేత్తో రుద్దితే రాలిపోతుంది, అంత మెత్తన. వేల ఏళ్లలో పేరుకున్న ఈ ఇసుకకి ఇనుము వల్లే ఆ రంగు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. అయినా గోడల మీద పేర్లు చెక్కి ఉన్నాయి, బిస్కెట్ కవర్లు పడేసి ఉన్నాయి. పాప, నేను ఒక సంచి నిండా ఏరి తెచ్చాం. దయచేసి దిబ్బల మీదకి ఎక్కి జారొద్దు, విరిగిన అంచు మళ్లీ రాదు.

భీమిలిలో డచ్ సమాధులు, గోస్తని నది సముద్రంలో కలిసే చోటు చూసి, ఎండెక్కేలోపు వెనక్కి తిరిగాం. సింహాచలం మూడో రోజు. అప్పన్నని, అంటే అక్కడి నరసింహస్వామిని, ఏడాది పొడవునా చందనంలోనే చూస్తాం, నిజరూపం అక్షయ తృతీయ నాడే. అమ్మ గుళ్లో అందరూ మొక్కుకునే కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ఏదో మొక్కుకుంది, మాకు చెప్పలేదు. కైలాసగిరి రోప్‌వే పిల్లలకి సరదా, అంతే. అరకు, బొర్రా గుహలు ఇందులో కలపొద్దు, వాటికి వేరే రెండు రోజులు కావాలి.

బయల్దేరే రోజు పొద్దున్న సాగర్‌నగర్ వైపు ఇసుకలో చిన్న కంచె కనిపించింది. ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు. రాత్రి తల్లులు పెట్టి వెళ్లినవాటిని కుక్కల బారిన పడకుండా ఏరి తెచ్చి, అక్కడ మళ్లీ పూడ్చారు. ఒక్కో గుంట దగ్గర పుల్లకి తేదీ, ఎన్ని గుడ్లో రాసి ఉంది. ఎప్పుడు పిల్లలవుతాయని పాప అడిగితే, కాపలా ఉన్నాయన వేళ్ల మీద లెక్కేసి మార్చిలో అన్నాడు. పాప అక్కడే ఇసుకలో కూర్చుని, వాళ్ల నాన్న ఫోన్ తీసుకుని మార్చి క్యాలెండర్ తెరిచింది.