చెవి హోరుకు మెడ స్కానింగ్: గుంటూరులో చేయించిన డాప్లర్ పరీక్ష, దవడకు పెట్టించిన అల్ట్రాసౌండ్

గుంటూరు కొత్తపేటలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో మా అక్కకు మెడ రక్తనాళాల డాప్లర్ పరీక్ష చేయించి, ఆ తర్వాత దగ్గరలోనే ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో దవడ కీలుకు అల్ట్రాసౌండ్ చికిత్స ఇప్పించాం. మొదటిది మెడలో రక్తం ఎలా పారుతున్నదో చూపించే యంత్రం. రెండోది బొమ్మ ఏదీ చూపకుండా కండరానికీ కీలుకూ వేడినీ ప్రకంపననూ అందించే చిన్న పెట్టె. చెవిలో హోరుతోనో చెవిపోటుతోనో బాధపడుతున్నవారికి వీటిలో ఏది ఎంతవరకు పనికివచ్చిందో చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను.

అరవైకి దగ్గరపడుతున్న అక్కకు రెండు చెవుల్లోనూ సన్నగా గుయ్‌మనే మోత చాలాకాలంగా ఉంది. దానికి తోడు ఈమధ్య రాత్రి దిండు మీద తల పెట్టగానే కుడి చెవిలో మాత్రం గుండె చప్పుడుతో పాటు లయగా వచ్చే హోరు మొదలైంది. గట్టి పదార్థం నమిలితే అదే చెవి దగ్గర పోటు. ఇ.ఎన్.టి. డాక్టరుగారు చెవిలోకి చూసి కర్ణభేరి బాగానే ఉందన్నారు. తర్వాత అక్కను మణికట్టు నాడి పట్టుకుని హోరుతో పోల్చి చూడమన్నారు, రెండూ కలిశాయి. ఆయనే మెడ కుడివైపు వేలితో మెల్లగా అదిమితే హోరు ఆగింది, వదిలితే మళ్లీ వచ్చింది. "ఇది సిరలో శబ్దంలా ఉందమ్మా, అయినా ధమనులు కూడా చూద్దాం" అంటూ డాప్లర్‌తో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్, వినికిడి పరీక్షలు రాశారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఆయన వేలితో చేసిన ఆ ఒక్క నిమిషం పరీక్షే. అయితే మెడలో ధమని కూడా అక్కడే ఉంటుంది కనుక ఇంట్లో ఎవరికి వారు నొక్కి చూసుకోకూడదని ఆయన గట్టిగా చెప్పారు.

చెవిలో శబ్దానికి మెడ స్కానింగ్ ఏమిటని అక్క దారి పొడవునా అడుగుతూనే ఉంది. నాడితో కలిసి వినిపించే హోరుకు మూలం చాలాసార్లు రక్తప్రవాహంలోనే ఉంటుంది: మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ ధమని కొవ్వు పేరుకుని ఇరుకైనా, రక్తహీనత వల్లనో థైరాయిడ్ ఎక్కువై రక్తం వేగంగా ప్రవహించడం వల్లనో మెడ సిరలో సుడి తిరిగినా, ఆ శబ్దం పక్కనే ఉన్న చెవికి వినబడుతుంది. ఎడతెగకుండా గుయ్‌మనే మోత సంగతి వేరు. అది ఎక్కువమందిలో వినికిడి తగ్గడంతో ముడిపడి ఉంటుంది. దానికి మెడ స్కానింగ్‌లో కనిపించేదేమీ ఉండదు. హోరు ఒక్క చెవిలోనే ఉండటం, నాడితో కలిసి రావడం, రెండు చెవుల వినికిడిలో తేడా ఉండటం, నరాలకు సంబంధించిన లక్షణాలు కనిపించడం వంటివి లేనప్పుడు స్కానింగులు రాయవద్దని అమెరికా ఇ.ఎన్.టి. వైద్యుల అకాడమీ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి చెవిలో మోత ఉన్న ప్రతివారూ ఈ సెంటర్‌కు పరుగెత్తనక్కరలేదు.

సెంటర్ విషయానికి వస్తే, అపాయింట్‌మెంట్ ఇచ్చిన వేళకు పిలవలేదు కానీ ఆలస్యం భరించలేనంత లేదు. లింగ నిర్ధారణ చేయబడదనే బోర్డు, రిజిస్ట్రేషన్ పత్రం రిసెప్షన్ ఎదురుగానే ఉన్నాయి. పరగడుపున రావాలా అని అడిగితే, కడుపు స్కానింగ్‌కే ఆ నియమమని, మెడకు అవసరం లేదని ముందే ఫోన్‌లో చెప్పారు. లోపల మహిళా సహాయకురాలు ఉంది. గొలుసు తీయించినా మంగళసూత్రం తీయమనలేదు. దాన్ని భుజం మీదుగా వెనక్కి జరిపి, జెల్ అంటకుండా పైట అంచున తువ్వాలు దోపింది. భుజాల కింద పలచని దిండు పెట్టి గడ్డం ఎడమవైపు తిప్పించాక రేడియాలజిస్టు గారు కాలర్ ఎముక దగ్గర నుంచి దవడ మూల దాకా ప్రోబ్‌ను (చర్మానికి ఆనించి పట్టుకునే యంత్రం పిడిని) తొందరపడకుండా జరిపారు. తెర మీది ఎరుపు, నీలం రంగులు మంచి రక్తం, చెడు రక్తం అని నేను అనుకుంటుండగా, ప్రవాహం ప్రోబ్ వైపు వస్తున్నదా దూరంగా పోతున్నదా అన్నదే ఆ రంగుల అర్థమని ఆయన చెప్పారు. ధమని మీద ప్రోబ్ ఉన్నప్పుడు స్పీకర్‌లో నాడి నాడికీ తెగిపోయే చురుకైన చప్పుడు వినిపించింది. సిర మీదకు రాగానే అది గాలి వీచినట్టు సాగింది. అక్క వెంటనే చేయి ఎత్తి "ఇదేనండీ, రాత్రి వినిపించేది ఇదే" అంది.

రిపోర్టులో రెండు వైపులా ధమనులలో రక్తం వేగం సెకనుకు ఇన్ని సెంటీమీటర్లని విడివిడిగా రాసి ఉంది. మెదడుకు వెళ్లే శాఖలో గరిష్ఠ వేగం 125 దాటితే సగానికి పైగా, 230 దాటితే 70 శాతానికి పైగా ధమని మూసుకుపోయి ఉండవచ్చని 2003లో అమెరికన్ రేడియాలజిస్టులు కుదుర్చుకున్న లెక్కనే ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్నారు. అక్క అంకెలు దానికి చాలా దిగువనే ఉన్నాయి. ఇక్కడే నాకున్న ఫిర్యాదు కూడా చెప్పాలి. డాక్టరుగారు చీటీ మీద "నాడితో కలిసిన హోరు, సిర కూడా చూడాలి" అని స్పష్టంగా రాసినా, చేతికి వచ్చిన కాగితంలో సిర గురించి ఒక్క ముక్క లేదు. పక్షవాతం అనుమానం ఉన్నవారికి ఇచ్చే మూస రిపోర్టే మాకూ ఇచ్చారు. అడిగితే రేడియాలజిస్టు గారు విసుక్కోకుండా, దాచిన చిత్రాలు మళ్లీ చూసి మెడలోని కుడి జుగులర్ సిరలో ప్రవాహం హెచ్చుగా, సుడులతో ఉన్నదని, రక్తం గడ్డకట్టలేదని చేర్చి ఇచ్చారు. అడగనివారి సంగతేమిటన్నదే నా ప్రశ్న.

హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉన్నట్టు, అంటే రక్తహీనత ఉన్నట్టు తేలింది. కారణం వెతికి ఐరన్ మొదలుపెట్టాక రాత్రి హోరు క్రమంగా సద్దుమణిగింది. డాప్లర్ బాగుంది కదా అని వదిలేయవద్దని, పుర్రె లోపలి సిరలు, చెవి వెనక ఎముకలోని లోపాలు ఈ పరీక్షకు అందవని, హోరు తగ్గకపోతే ఎం.ఆర్.ఐ. లేదా సి.టి. అవసరమయ్యేదని డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు.

ఇక చెవిపోటు. ఆ మెడ స్కానింగ్‌లోనే మా కోరిక మీద చెవి ముందున్న లాలాజల గ్రంథిని కూడా చూశారు. రాయి, చీము, గడ్డ ఏవీ లేవు. చెవికి నొప్పి తెలిపే నరాలు దవడకు, పళ్లకు, గొంతుకు, మెడకు కూడా పోతాయి కాబట్టి చెవి శుభ్రంగా ఉన్నా పోటు రావచ్చు. పొగతాగే అలవాటున్నవారికి చెవి బాగుండి కూడా ఒకవైపు పోటు తగ్గకపోతే గొంతు లోపల స్కోప్‌తో చూడాల్సిందేనని, స్కానింగ్‌తో తృప్తిపడకూడదని విన్నాను. ఇది చాలామందికి తెలియని సంగతి. అక్కకు తేలింది దవడ కీలు వాపు.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి పనితీరు బాగుంది. జెల్ రాసి, ప్రోబ్‌ను ఒకచోట నిలపకుండా చెవి ముందు చిన్న సున్నాలు చుడుతూ పెట్టింది. నిలిపితే ఎముక దగ్గర వేడి ఎక్కి కాలుతుందట. కీలు చర్మానికి దగ్గరగా ఉంటుంది కనుక 3 మెగాహెర్ట్జ్ ఎంచుకున్నానని, నడుములాంటి లోతైన చోట్లకు 1 మెగాహెర్ట్జ్ వాడతానని అడగగానే వివరించింది. పేస్‌మేకర్ ఉందా, ఎప్పుడైనా క్యాన్సర్ వచ్చిందా అని ముందే అడిగి రాసుకుంది. పోటు తగ్గింది. అయితే మెత్తని తిండి, దవడ వ్యాయామాలు, రాత్రి పళ్లు కొరక్కుండా డెంటిస్టు చేసిచ్చిన తొడుగు కూడా అదే సమయంలో నడిచాయి కాబట్టి ఆ ఘనతంతా యంత్రానికి కట్టబెట్టలేను.

నాకు నచ్చనిది క్లినిక్ యజమాని మాట. చెవిలో మోత ఉన్నదని తెలియగానే, చెవి వెనక ఎముక మీద అల్ట్రాసౌండ్ పెడితే అదీ పోతుందని ఒక ప్యాకేజీ చూపించారు. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1986లో బ్రిటన్‌లో తక్కువ శక్తి అల్ట్రాసౌండ్‌తో చేసిన ఒక చిన్న ప్రయోగం ఆశ కలిగించింది. మరుసటి ఏడాది అదే బృందంలోని కొందరు కలిసి మళ్లీ చేసి చూస్తే ఆ మేలు కనిపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. లోపలి చెవి శరీరంలోకెల్లా గట్టి ఎముకలో పొదిగి ఉంటుంది, మధ్య చెవిలో గాలి ఉంటుంది. అల్ట్రాసౌండ్‌కు ఈ రెండూ అడ్డుగోడలే. 1950ల్లో ఇటలీలోని పాదువాలో మికేలే ఆర్స్‌లాన్ అనే వైద్యుడు మెనియర్స్ అనే లోపలి చెవి వ్యాధిలో తలతిరుగుడు తగ్గించడానికి అల్ట్రాసౌండ్ వాడినప్పుడు, అది లోపలికి చేరడానికి ఆపరేషన్ చేసి ఎముకను తొలిచి పలచన చేయాల్సి వచ్చింది. అంత చేస్తే గానీ అందని చోటికి చర్మం మీద జెల్ రాసి చేరుస్తామంటే నమ్మడమెలా?

అక్క వినికిడి పరీక్షలో కీచుమనే పైస్థాయి శబ్దాలు వినబడటం రెండు చెవుల్లోనూ సమానంగా తగ్గినట్టు వచ్చింది. హియరింగ్ ఎయిడ్ కొన్నాళ్లు పెట్టుకుని చూడమన్నారు. పెట్టుకున్నంతసేపూ మోత మీదికి ధ్యాస పోవడం లేదంటోంది. డాప్లర్‌కు 2,000 రూపాయలు తీసుకున్నారు; రిపోర్టు చదువుకుని అడిగే ఓపిక ఉన్నవారికి ఆ సెంటర్‌ను నిస్సంకోచంగా చెబుతాను. ఫిజియోథెరపీ క్లినిక్‌లో దవడకు మాత్రమే బిల్లు విడిగా రాయించుకుని, ప్యాకేజీ కాగితాన్ని కౌంటర్‌లోనే ఇచ్చేసి వచ్చాం.